కాగితమునందలి శిలాచూర్ణము: ఆగమమా, ఆదేశమా?

నర్సీపట్టణమునుండి పడమటి కొండలలోనికిఁ బోవువారికి కొయ్యూరు మన్యపుటూళ్లలో నొకటి. 2022లో జరిగిన జిల్లాల విభజనమున నది అల్లూరి సీతారామరాజు జిల్లాలోఁ జేరినది. ఆ జిల్లాకుఁ బేరైన వీరుఁడు 1924 మే 7వ తేదిని తుపాకిగుండ్లకు నేలకొరిగినదియు నీ కొయ్యూరుననే. ఆ పితూరీకి మూలమైన కారణములలో నడవి శాసనములు ముఖ్యమైనవి. పోడు సేద్యమునకును అటవీవస్తువుల సేకరణమునకును గలిగిన నిర్బంధములే కొండవారిని దిరుగఁబడఁజేసినవి. అక్కడి కొండవాలులందు సాధనపు వెదురు పొదలుపొదలుగాఁ బెరుగును. కొండవారికి వెదురే తడిక, వెదురే బుట్ట, వెదురే చేట, వానకాలమున లేఁతమొలక కూరయు నదియే. పల్లపుసీమవారికి మాత్రము వెదురన్నఁ దఱచుగా కాగితమే తలంపునకు వచ్చును.

పుస్తకమును జేతఁబట్టి, యిది యొకనాఁటి వెదురుగదా యని తలంచువారు కలరు. ఆ తలంపునఁ గొంతయే నిజము. తెల్లని వ్రాఁతకాగితమును 100 గ్రాములు తూఁచి 525 డిగ్రీల వేఁడిమిలోఁ గాల్చి, మిగిలిన బూడిదను దూఁచినచో 10 మొదలు 20 గ్రాములవఱకు నుండును. ఒక్కొక్క కాగితమున నంతకంటె నధికముగను ఉండును. శుభ్రపఱచిన వెదురుగుజ్జును మాత్రమే యట్లు కాల్చిన బూడిద ఒకటి రెండు గ్రాములకు మించదు. తక్కిన బూడిద యంతయు నెక్కడిది? అది చెట్టునఁ బుట్టినది కాదు. కొండను దొలిచి, రాతిని మెత్తగా నూరి, గుజ్జులోఁ గలుపఁగాఁ జేరినది.

ఇట్లు కలుపు శిలాచూర్ణమును బరిశ్రమవారు ఫిల్లరందురు. తెలుఁగున దానిని బూరకమనవచ్చును. పూరధాతువునకు ఆప్యాయనమర్థము, కొఱఁతను దీర్చి నిండుదనము కలిగించుట యని భావము. ఐతే నింపుట రెండు తెఱఁగుల నుండునని వైయాకరణు లెఱుఁగుదురు. ఆగమము ఉన్నదానిని దొలఁగింపక ప్రక్కనఁ జేరును. 'మా', 'అమ్మ' యనువాని నడుమ యకారము వచ్చి 'మాయమ్మ' యైనను ఆ రెండు పదములును జెక్కుచెదరవు. ఆదేశ మట్లు గాదు. 'వచ్చెను కాకి' యనునది 'వచ్చెఁ గాకి' యైనప్పుడు కకారము పోయిన చోటనే గకారము కూర్చుండును. అందువలననే పూర్వులు మొదటిదానిని మిత్రునితోను రెండవదానిని శత్రువుతోను బోల్చిరి. కాగితమున రాతిపొడి నారప్రక్కనఁ జేరిన మిత్రమా, నారను వెడలఁగొట్టి దాని చోటఁ గూర్చున్న శత్రువా? ఈ విషయమున విచారింపఁదగిన దదియే.

మొదట దీనిని శత్రువనియే లోకము తలంచినది. ఐరోపాఖండమునఁ గాగితమున సుద్దమట్టి కలుపుట తొలిదినములలోఁ గల్తీగా నెంచఁబడెను. గుజ్జు ప్రియము, మట్టి చౌక, కాగితము తూనికకు అమ్ముడుపోవును. కావున మట్టిని గాగితపు వెలకు అమ్ముచున్నారని కొనువారు అనుమానించిరి. ఆ యనుమానము నిష్కారణము కాదు. పందొమ్మిదవ శతాబ్దమున లాంకషైరు మిల్లులు నేఁతబట్టకు గంజితోఁ గూడ చీనామట్టిని బట్టించి యీ దేశమునకుఁ బంపినవి. కొన్ననాఁడు దిటవుగా నుండిన బట్ట తొలి చాఁకిరేవుననే పలుచనై మట్టిని నీటికి విడిచెడిది. మోసము గ్రహించినవారు రాతిపొడి యన్న నులికిపడుట సహజమే.

భారతదేశపుఁ జేతికాగితమువారికిని ఖనిజము కొత్త కాదు. కాగితశబ్దము పారసీకమునుండి వచ్చినది. కాగితముపై గంజిపూఁత పూసి, నున్నని రాతితోనో శంఖముతోనో రుద్ది మెఱుఁగుపెట్టుటయు నా తురుష్క పారసీక సంప్రదాయముతో విస్తరించినది. దానికిఁ దోడుగా పురుగు పట్టకుండుటకై హరితాళమును బూసి పసుపువన్నె తెచ్చుట పశ్చిమభారతమునను నేపాళమునను వ్రాఁతప్రతులం దగపడును. తప్పువ్రాసిన యక్షరమును గప్పుటకును హరితాళమునే పూసెడివారు. ఉత్తరాదిభాషలలో 'హరతాళము పూయు' టన్నఁ జెఱిపివేయుట యను నర్థము దానివలనఁ గలిగినదే. ఐతే యది పైపూఁతయేగాని లోపూరణము కాదు. గుజ్జులోనే కలిపి నారల నడుమ నిలుపుట యంత్రయుగపుఁ బని.

ఆ నిలుపుట యెట్లో తెలియవలెనన్నఁ గాగితము పుట్టు తీరును గొంత తెలియవలెను. వెదురును ముక్కలుగాఁ గొట్టి, దాహక సోడాయు సోడియము సల్ఫైడును గలిసిన ద్రావకమునఁ బెద్ద యొత్తిడితో నుడికింతురు. నారలను గూర్చి యుంచు లిగ్నిను కరఁగిపోఁగా నారలు విడివడును. వానిని గడిగి, తెల్లపఱచి, నీటిలో మర్దించి, నూటికి ఒక పాలైనను లేనంత పలుచని గుజ్జుగాఁ జేసి పరుగెత్తు వలమీఁద వెడలింతురు. నీరు క్రిందికి జాఱును, నార పైన నిలుచును. పిదప ఒత్తుడు, పిదప వేఁడి కంబములపై ఆఱుడు. ఆఱునప్పుడు నారను నార తాఁకిన చోట్ల హైడ్రోజను బంధము లేర్పడును. జిగురు వేయకయే కాగితము నిలుచుట కదియే కారణము. ఆ బంధములే కాగితమునకు బలము.

వెదురునార పొడవు సుమారు 2 మిల్లీమీటర్లు. సరుగుడు, జామాయిలు, సుబాబులు మొదలగువాని నార మిల్లీమీటరునకు లోపు. పూరకపు రేణువు మిల్లీమీటరులో వేయవవంతు మొదలు మూఁడు వేయవవంతులవఱకు మాత్రమే యుండును. నారలు చాపయల్లినట్లు పడినను సందులు మిగులును. ఆ సందులలో గాలి యుండును. పూరకము చేరునది సందులందే. కాని రేణువు వలకన్నుకంటె నెన్నో రెట్లు చిన్నది. నారతోఁ జేరక నీటితో వెడలిపోవుట దానికి సహజగుణము. దానిని నారకంటించుటకై ఋణధనవిద్యుత్తుల వైరుధ్యము నాశ్రయించి, పిండిపదార్థములను, పొడవైన యణువుల ద్రవ్యములను గలిపి రేణువులను గుంపులుగాఁ జేయుదురు. నిలిచినది కాగితము, నిలువనిది మురుగు. మంచి మిల్లునకును జెడ్డ మిల్లునకును గల భేదములలో నిది యొకటి.

రాతిపొడి కాగితమునకుఁ జేయు మేలు కంటికిఁ దెలియునట్టిదే. తడిసిన తెల్లపంచె యొడలిని జూపును, ఆఱినపిదపఁ జూపదు. నూలు మాఱలేదు. సందులలోని గాలి పోయి నీరు చేరినప్పుడు వెలుఁగు నేరుగా సాఁగిపోవుచున్నది. గాలి యున్నప్పుడు నూలు గాలి కలియు ప్రతి తావునను విఱిగి చెదరుచున్నది. చెదరుటే తెలుపు, చెదరుటే మఱుఁగు. రేణువు లనంతముగాఁ జేరిన కాగితమున నట్టి తావు లనంతములు. కావున నొకవైపు అచ్చువేసిన యక్షరము రెండవవైపునకుఁ దోఁపదు. ఉపరితలమును జదునగును, సిరా యొకచోటఁ బీల్చుకొని యొకచోట నిలువకుండ సమముగాఁ బడును. పాఠ్యపుస్తకము నిరువైపుల నచ్చువేయుట సులభసాధ్య మగుటకుఁ బూరకము ముఖ్యసాధనము.

ఈ పనికి వచ్చు రాళ్లు పలువిధములైనను వాడుకలో మిక్కిలిగా నున్నవి మూఁడు. చీనామట్టి యొకటి, ఫెల్స్పారుజాతి రాయి వేలయేండ్లు వానకుఁ గుళ్లి మెత్తనై తెల్లనై యేర్పడునది. రెండవది తెలుఁగు బాలురందఱికి నొకప్పుడు పరిచితమైన బలపపురాయి. పలకపై వ్రాసి చెఱిపిన యా బలపము కర్నూలు, అనంతపురము సీమలలోఁ ద్రవ్వి తీయఁబడునదే. గోరుతో గీచినను గీఱువడునంతటి మెత్తఁదనము దానిది. అందుచే వలను అరగదీయదు. గుజ్జులోని చెట్టుబంకను దనకంటించుకొని మచ్చలు పడకుండఁ జేయును. భారతదేశపు మిల్లులు చిరకాల మీ బలపమునే పూరకముగా వాడుటకు అది దొరుకుటయు, చౌకయగుటయు రెండును గారణములు. పలకమీఁదఁ జెఱిపివేయఁబడు బలపమే చెఱుగని పుస్తకములోఁ జేరుట చిత్రమే. మూఁడవది సున్నపుఁబొడి, అనఁగాఁ గాల్షియము కార్బనేటు. పాలరాయిని నూరి చేసినను నదియే. సున్నమును నీటఁ గలిపి బొగ్గుపులుసు వాయువును లోనికిఁ బంపి మఱల ముద్దగట్టించినను నదియే. ఈ రెండవ తీరునకు మిల్లు పొగగొట్టమునుండి పోవు వాయువును బట్టి వాడుకొందురు. ఇవిగాక టైటానియము డయాక్సైడు కలదు. మఱుఁగున కంతకు మించినది లేదు గాని వెలచే దూరముగా నుంచఁదగినది.

వెదురు తనలోఁ దానును రాతిని దాఁచుకొన్నది. వైద్యులు వంశరోచనమని వాడు తెల్లని గడ్డ బొంగులోపలఁ బేరుకొన్న సిలికాయే. అది మందుగా నెట్లున్నను మిల్లువారికిఁ దలనొప్పి. వెదురును సోడాద్రావకమున నుడికించునప్పుడు సిలికా కరఁగి ద్రావకముతోఁ బోవును. ఆ ద్రావకమును గాచి, మండించి, సోడాను మఱల రాఁబట్టవలసి యున్నది. సిలికా యున్నచో గొట్టములకుఁ బెచ్చుకట్టును. సోడాను దాహకముగా మార్చుటకు సున్నము వేయఁగా నడుగునఁ బడు సున్నపుబురద నిజమునకుఁ గాల్షియము కార్బనేటే. దానిని గాల్చి మఱల సున్నము చేసికొనవచ్చును. కాని సిలికా పేరుకొన్న బురద మాటిమాటికిఁ గాల్చుటకుఁ బనికిరాదు. సిమెంటు కర్మాగారములకుఁ బంపుట పరిపాటి. కొన్నిచోట్ల రాయి వరము, కొన్నిచోట్ల శాపము. పుట్టుకతో వచ్చినదానికంటెఁ గోరి తెచ్చుకొన్నదే యిక్కడ మేలు.

ఇఁక లెక్కకు వత్తము. తేమను, పిండిని విడిచి మోటుగా గణించినచో 1000 కిలోల కాగితము శిల లేక చేయవలెనన్న 1000 కిలోల గుజ్జు కావలెను. ఎండిన వెదురునుండి తెల్లగుజ్జు నూటికి సుమారు 45 పాళ్లు మాత్రమే వచ్చును; కనుక 2222 కిలోల వెదురు. నూటికి 20 పాళ్లు శిల కలిపిన 800 కిలోల గుజ్జు చాలును. వెదురు 1778 కిలోలు. మిగిలినది 444 కిలోలు. టన్నునకు నాలుగున్నర క్వింటాళ్ల వెదురు పొదనే నిలుచును. దానిని నఱుకు కూలి, మోయు బండి, యుడికించు సోడా, కాచు బొగ్గు, కడుగు నీరు వీని యన్నిటిలో నాపాటి భాగము తగ్గును. రాయి నీటిని దనలోనికిఁ బీల్చుకొనదు గావున నాఱఁబెట్టుటకు వేఁడియుఁ గొంత తక్కువ చాలును. అడవికిఁ జేటులేని కాగితమును గూర్చి చెప్పువారు శిలను బొగడుటకుఁ గారణ మిదియే. రాయి గుజ్జుకంటెఁ జౌక యగుటయు వారి పొగడ్తలోఁ గొంత కలదని చదువరులు మఱవరాదు.

ఇచ్చటనే ఆగమము ఆదేశమగును. కొంచెముగా నున్నంతవఱకు రేణువు సందునఁ గూర్చుండును. నార నారను దాఁకుటకు మిక్కిలి యడ్డు గాదు. ఎక్కువైనకొలఁది రేణువులు నారకు నారకును నడుమఁ జొచ్చి బంధము కలుగవలసిన తావునే యాక్రమించును. రాతికి రాతితో హైడ్రోజను బంధము లేదు. కాగితము లాగిన మునుపటికంటె సులువుగాఁ దెగును, మడఁతకు విఱుగును, రాయి నారకంటె బరువగుటచే నొకే తూనికకు పలుచనై బిగువు తప్పును, ముద్రాయంత్రమునఁ బొడి రాలి దిమ్మెలను మూయును. దీనికి విరుగుడులు లేకపోలేదు. కాగితపు నారకంటించు పిండిని విద్యుద్ధర్మము మార్చి గుజ్జులోఁ గలుపుట యొకటి. రేణువులను ముందే గుంపులు గట్టించి కలుపుట యొకటి. గుంపు పెద్దదైనకొలఁది యది చెఱచు బంధములు తక్కువ. నారను మిక్కిలి సన్నముగాఁ జీల్చి యా పోఁగులతో రాతిని గట్టివేయుట యీ నడుమ వాడుకలోనికి వచ్చినది. ఐనను పొట్లపుఁ గాగితమున, సంచుల కాగితమున, బలమే ప్రయోజనమైన చోట్ల శిల తగదు. ఎచ్చటఁ దగునో యెచ్చటఁ దగదో యెఱుఁగక యంతటను నింపువాఁడు లాంకషైరు నేఁతవానికి వారసుఁడు.

సాహిత్యపరిశోధకుల కింతకంటె దగ్గఱి విషయ మొకటి కలదు. తాళపత్రములు మూఁడునాలుగు శతాబ్దములు నిలిచియున్నవి. ఇరువదవ శతాబ్దపుఁ బూర్వార్ధమున నచ్చైన తెలుఁగు గ్రంథములు, పత్రికలు మాత్రము పుటలు దిరుగవేయుచుండఁగనే యంచులు విఱిగి చేతులలోఁ బొడియగుచున్నవి. పురుగుమాత్రమే దీనికిఁ గారణము కాదు. సిరా చెమ్మగిలకుండుటకై రోజినును బటికను గలుపు పద్ధతిని జర్మనీ దేశీయుఁడైన ఇల్లిగు 1807లోఁ బ్రకటించెను. చౌకయగుటచే నది లోకమంతయు వ్యాపించెను. పటిక తేమతోఁ గలిసి యామ్లమగును. ఆమ్లము నారలోని సెల్యులోసును ముక్కలుగాఁ ద్రుంచును. ఏఁబది యఱువది యేండ్లకు నార పేరునకే నార. అమెరికాదేశమున బారో యను నాతఁడు 1950లలోఁ జేసిన పరీక్షలతో నీ యామ్లదోషము పండితుల దృష్టికి స్పష్టముగా వచ్చినది.

పటిక యున్నచో సున్నపుఁబొడి కలుపుటకు వీలు లేదు. ఆమ్లము తాఁకఁగనే యది నురుగై కరఁగిపోవును. కావున నామ్లకాగితపు కాలమంతయుఁ జీనామట్టియు బలపమునే పూరకములైనవి. అవి యామ్లమునకుఁ జలింపవు గాని యామ్లమును జంపనులేవు. తరువాత ఏ.కె.డి., ఏ.ఎస్.ఏ. యను సంకేతములతోఁ బిలువఁబడు పటికలేని పూఁతద్రవ్యములు వచ్చినవి. అప్పుడు సున్నపుఁబొడికి ద్వారము తెఱచినట్లైనది. ఇది నింపుటే కాదు, కాపాడును గూడ. గాలినుండి గాని నారనుండి గాని పుట్టిన యామ్లమును దానే తిని, నారను విడిచిపెట్టును. చిరకాలము నిలువవలసిన కాగితమునకై 1994లో వెలువడిన ఐ.ఎస్.ఓ. 9706 ప్రమాణము, కాగితమున నూటికి 2 పాళ్లు కాల్షియము కార్బనేటునకు సమానమైన క్షారనిధి యుండవలెనని విధించినది. ఇక్కడ శిల నార ప్రక్కనఁ జేరిన మిత్రమే. ఆగమమను పేరు దీనికే చెల్లును. ప్రాచీన గ్రంథముల బునర్ముద్రించువారు అట్ట వన్నెను గూర్చి విచారించునంతగా నీ విషయమును విచారింపకుండుట శోచనీయము.

మఱల కొండలకు వత్తము. రాజమహేంద్రవరమున 1920ల నాఁటి కర్ణాటిక్ పేపరు మిల్లునుండి నేఁటి ఆంధ్ర పేపరు లిమిటెడు వఱకు గోదావరి యొడ్డునఁ గాగితపుఁబని సాఁగుచున్నది; ఆ మిల్లు 2011లో అమెరికా సంస్థ చేతికిని, 2019లో వెస్ట్ కోస్ట్ వారి చేతికిని మాఱినది. ఈ దేశపు మిల్లులకు వెదురును మూలవస్తువుగాఁ జేయుటకై 1925లో వెదురుకాగితపుఁ బరిశ్రమకు రక్షణశాసనము వచ్చినది. అడవివెదురు చాలక, 1988 అటవీవిధానము మిల్లులు తమకు వలయు కలపను రైతులచేఁ బెంచించుకొనవలెనని చెప్పినది. నేఁడు కోస్తామిల్లుల గుజ్జులో సరుగుడు, సుబాబులు ముఖ్యములు. 2006 అటవీహక్కుల చట్టము వెదురును జిన్నతరహా అటవీఫలసాయముగా నెంచి కొండవారికి దానిపై హక్కిచ్చినది. పొట్టినారల సరుగుడు గుజ్జులో శిల యెక్కువైనచో బలము మఱింత త్వరగాఁ దగ్గును. నిడుదనారగల వెదురును గొంత కలిపిన నాపాటి రాతి నది మోయఁగలదు. కొయ్యూరు వెదురు కొంచెముగానైనను విలువ గలదియే యగుట కిదియొక కారణము.

ఐతే వెదురును మిగిల్చిన రాయి యెక్కడినుండి వచ్చును? అదియు నొక కొండయే. తూర్పుకనుమల ఖోండలైటు శిలలు కుళ్లి తెల్లమట్టియగుటయు, బొఱ్ఱా ప్రాంతమున సున్నపురాయి, కాల్సైటు ఉండుటయుఁ బ్రసిద్ధమే. అనంతగిరి మండలమున నా కాల్సైటు మొదలగువాని గనుల గుత్తలనుబట్టియే సమత వ్యాజ్యము పుట్టినది. 1997లో సుప్రీము కోర్టు షెడ్యూలు ప్రాంతపు భూములను గిరిజనేతరులకు గనుల గుత్తకిచ్చుట చెల్లదని తీర్పుచెప్పెను. కొయ్యూరు, చింతపల్లి, అనంతగిరి యన్నియు షెడ్యూలు ప్రాంతములే. చింతపల్లి బాక్సైటునకై 2015లో వెలువడిన యుత్తరువు కలిగించిన యలజడియు, 2019లో నా గుత్తల రద్దును జదువరు లెఱుఁగుదురు. ఒక కొండపై వెదురు మిగిలెనని యెంచునప్పుడు, రెండవ కొండపైఁ ద్రవ్విన గోతిని లెక్కలోనుండి తీసివేయుట న్యాయము గాదు. ఒక టన్ను కాగితమున రెండు క్వింటాళ్ల రాయి. అది యెవరి భూమినుండి, యెవరి యనుమతితో వచ్చినదో యడుగుట కాగితము కొనువారికిఁ దగినదే. మైదానపు గనులలో దొరకు పాలరాతిముక్కలు, నూరఁగా మిగిలిన వ్యర్థశిల, మిల్లు సున్నపుబురదలో సిలికా తక్కువైన భాగము వీనినుండియే యథాశక్తిఁ బూరకమును జేయుట యుక్తము.

ప్రచురణకర్తలకు సులభమైన పరీక్ష యొకటి కలదు. కాగితపుముక్కను బింగాణిపై సన్నని మంటతోఁ గాల్చి, చల్లాఱిన బూడిదపై నాలుగు చుక్కలు నిమ్మరసము పిండవలెను. బుసబుస నురుగు లేచినచో నందు సున్నపుఁబొడి కలదు. ఆ పుస్తకము మనుమలకును బనికివచ్చును. బూడిద బాగుగా నుండియు నురుగు లేనిచో నది చీనామట్టియో బలపమో యై యుండును. పటిక సంగతి మిల్లువారిని వేఱుగా నడుగవలెను.